పాడైన డిస్కు విభాగం నుండి దత్తాంశ పునరుద్ధరణ

పాడైన డిస్కు విభాగం నుండి దత్తాంశ పునరుద్ధరణ అనగా, కంప్యూటరు తెరవలేకపోతున్న హార్డు డిస్కు భాగంలోని ఫైళ్ళను తిరిగి సంపాదించే ప్రక్రియ. దీనినే వాడుకలో డేటా రికవరీ అంటారు. విభాగం తెరుచుకోనంత మాత్రాన అందులోని ఛాయాచిత్రాలు, పత్రాలు, లెక్కలు నశించినట్లు కాదు. చాలా సందర్భాలలో దెబ్బతినేది ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టికలు మాత్రమే. ఫైళ్ళలోని సమాచారం డిస్కుపై అలాగే ఉంటుంది. తొందరపాటుతో ఆ డిస్కుపై కొత్తగా ఏదైనా వ్రాసినప్పుడు శాశ్వత నష్టం జరుగుతుంది. కనుక పాడైన డిస్కుపై ఏమీ వ్రాయకుండా, దాని పూర్తి నకలు తీసి, ఆ నకలుపైనే పనిచేయడం ఈ ప్రక్రియకు మూలసూత్రం.

విభాగం, ఫైలు వ్యవస్థ

హార్డు డిస్కులోని స్థలం సెక్టార్లు అనబడే చిన్న గదులుగా విభజింపబడి ఉంటుంది. ఒక్కొక్క సెక్టారులో సాధారణంగా 512 బైట్లు, కొత్త డిస్కులలో 4096 బైట్లు పడతాయి. ఈ సెక్టార్ల వరుసను ఒకటి లేదా అంతకంటే ఎక్కువ భాగాలుగా చేసినప్పుడు ఒక్కొక్క భాగాన్ని విభాగం లేదా పార్టిషన్ అంటారు. విండోస్‌లో సి, డి, ఇ అక్షరాలతో కనిపించే డ్రైవులు సాధారణంగా ఇటువంటి విభాగాలే. నిర్వాహక వ్యవస్థ ఒక విభాగంలోని ఫైలు వ్యవస్థను చదివి వాడుకరికి అందుబాటులోకి తేవడాన్ని మౌంట్ చేయడం అంటారు.

ఏ విభాగం ఎక్కడ మొదలై ఎంత దూరం ఉన్నదో తెలిపేది విభజన పట్టిక. ఇది రెండు రకాలు.

మాస్టర్ బూట్ రికార్డు: ఇది 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది. డిస్కులోని మొట్టమొదటి సెక్టారులో ఉంటుంది. అందులోని 512 బైట్లలో మొదటి 446 కంప్యూటరును ప్రారంభించే ఆదేశాలకు, తరువాతి 64 నాలుగు విభాగాల వివరాలకు, చివరి రెండు గుర్తింపు సంతకానికి కేటాయించారు. 512 బైట్ల సెక్టార్లున్న డిస్కులపై ఇది సుమారు 2 టెరాబైట్లకు మించి చూపలేదు. దీనికి డిస్కులో రెండవ ప్రతి ఉండదు.

జీపీటీ: ఇది తరువాతి కాలపు పద్ధతి. పట్టిక ఒక ప్రతి డిస్కు మొదట, మరొక ప్రతి డిస్కు చివర ఉంటాయి. పట్టిక చెడిపోయినదో లేదో తెలుసుకొనేందుకు సరిచూపు సంఖ్యలు కూడా ఉంటాయి. మొదటి ప్రతి పోయినా చివరి ప్రతి నుండి దానిని తిరిగి నిర్మించవచ్చు.

విభాగం లోపల ఫైళ్ళ పేర్లను, స్థానాలను, పరిమాణాలను నమోదు చేసే ఏర్పాటును ఫైలు వ్యవస్థ అంటారు. ఫ్యాట్32, ఎన్.టి.ఎఫ్.ఎస్., ఎక్స్‌ఫ్యాట్ విండోస్‌లోనూ, ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4 లినక్స్‌లోనూ ఎక్కువగా కనిపిస్తాయి. గ్రంథాలయంలో పుస్తకాలు బీరువాలలోనే ఉండి, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉన్నదో వ్రాసిన రిజిస్టరు పోతే ఎలా ఉంటుందో, ఫైలు వ్యవస్థ చెడిన విభాగం అలా ఉంటుంది.

ఫైలును తొలగించినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మార్కాపురం పలకలకు పేరుపొందిన ఊరు. పలకపై అక్షరాలు తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. హార్డు డిస్కుపై తొలగింపు అటువంటిది కాదు. ఫ్యాట్ వ్యవస్థలో ఫైలు పేరులోని మొదటి బైటు మారి, ఆ ఫైలుకు చెందిన గదులు ఖాళీగా ఉన్నట్లు నమోదవుతుంది. ఎన్.టి.ఎఫ్.ఎస్.లో ఆ ఫైలు నమోదు వాడుకలో లేదనే గుర్తు పడుతుంది. ఆ గదులలోకి వేరే సమాచారం వచ్చే వరకు పాతది చెరగదు. విభాగాన్ని త్వరిత పద్ధతిలో ఫార్మాట్ చేసినా ప్రధానంగా పట్టికలే కొత్తవవుతాయి.

కారణాలు

విభాగం తెరుచుకోకపోవడానికి గల కారణాలను రెండు తరగతులుగా చూడవచ్చు.

తార్కిక కారణాలలో డిస్కు యంత్రం బాగానే ఉండి, పట్టికలు మాత్రం చెడతాయి. ఫైలు వ్రాస్తుండగా విద్యుత్తు పోవడం, యూఎస్‌బీ డిస్కును సురక్షితంగా తొలగించకుండా లాగివేయడం, వైరస్, నిర్వాహక వ్యవస్థను తిరిగి ప్రతిష్ఠించేటప్పుడు పొరపాటున వేరే విభాగాన్ని ఎంచుకోవడం, విభాగాల పరిమాణం మార్చే పని మధ్యలో ఆగిపోవడం ఈ తరగతికి చెందుతాయి.

భౌతిక కారణాలలో డిస్కే దెబ్బతింటుంది. కొన్ని సెక్టార్లు చదవడానికి వీలుకాకపోవడం, చదివే శీర్షాలు చెడిపోవడం, డిస్కు క్రింద పడటం, వోల్టేజీ హెచ్చుతగ్గుల వలన సర్క్యూట్ పలక కాలిపోవడం ఇందుకు ఉదాహరణలు. చెడిన సెక్టారు సరిగ్గా పట్టికలు ఉన్న చోట ఏర్పడితే, మిగిలిన డిస్కంతా బాగున్నా విభాగం తెరుచుకోదు.

ఈ రెంటినీ వేరుచేసి చూడటం ముఖ్యం. డిస్కు నుండి టిక్కుటిక్కుమనే శబ్దం లేదా గీకినట్లు శబ్దం వస్తున్నా, అది తిరగకపోయినా, కంప్యూటరు బయోస్‌లో దాని పేరు కనిపించకపోయినా లోపం భౌతికమైనదని భావించాలి. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకొనే స్మార్ట్ అనే ఏర్పాటు ఉన్నది. అందులో స్థానం మార్చిన సెక్టార్ల సంఖ్య, తేలవలసి ఉన్న సెక్టార్ల సంఖ్య సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే డిస్కు క్షీణిస్తున్నట్లు లెక్క.

లక్షణాలు

విండోస్‌లో డ్రైవు అక్షరం కనిపించినా, నొక్కినప్పుడు డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలనే సందేశం వస్తుంది. ఫైలు వ్యవస్థ పేరు ఉండవలసిన చోట రా అని కనిపిస్తుంది. విండోస్ ఆ ఫైలు వ్యవస్థను గుర్తించలేకపోయిందని మాత్రమే దీని అర్థం. ఆ సందేశానికి సమ్మతించరాదు. లినక్స్‌లో ఫైలు వ్యవస్థ రకం తప్పనో, సూపర్‌బ్లాకు చెడినదనో సందేశం వస్తుంది.

కొన్నిసార్లు ఏమీ చెడకుండానే విభాగం తెరుచుకోకపోవచ్చు. విండోస్ 8 (2012) నుండి ఉన్న త్వరిత ప్రారంభ సదుపాయం వలన కంప్యూటరును ఆపినప్పుడు విండోస్ విభాగం పూర్తిగా మూతపడదు. అటువంటి విభాగాన్ని లినక్స్ వ్రాయడానికి వీలుగా తెరవదు. విండోస్‌ను మళ్ళీ ప్రారంభించి పూర్తిగా ఆపితే ఇది సరిపోతుంది. అలాగే కొన్ని బయటి డిస్కుల పెట్టెలు సెక్టారు పరిమాణాన్ని మార్చి చూపుతాయి. మరికొన్ని సమాచారాన్ని గుప్తీకరించి వ్రాస్తాయి. ఆ డిస్కును పెట్టె నుండి తీసి నేరుగా కంప్యూటరుకు తగిలిస్తే విభాగం కనిపించదు. తిరిగి అదే పెట్టెలో పెట్టి చూడటం మొదట చేయవలసిన పని. కేబులు, యూఎస్‌బీ ద్వారం మార్చి చూడటం కూడా ఇటువంటిదే.

మొదట పాటించవలసిన నియమాలు

* డిస్కును వాడటం వెంటనే ఆపాలి. అది నిర్వాహక వ్యవస్థ ఉన్న డిస్కే అయితే కంప్యూటరును ఆపివేసి, సీడీ లేదా యూఎస్‌బీ నుండి నడిచే లినక్స్‌తో ప్రారంభించాలి, లేదా డిస్కును తీసి వేరే కంప్యూటరుకు తగిలించాలి.
* ఫార్మాట్ చేయరాదు. విభాగాన్ని తొలగించి కొత్తది సృష్టించరాదు.
* పునరుద్ధరణ సాఫ్టువేరును పాడైన డిస్కుపై ప్రతిష్ఠించరాదు. దొరికిన ఫైళ్ళను అదే డిస్కుపై భద్రపరచరాదు.
* విండోస్ ప్రారంభమయ్యేటప్పుడు డిస్కు తనిఖీ దానంతట అదే మొదలుకాబోతే, ఇచ్చిన కొద్ది సెకన్లలో మీట నొక్కి ఆపివేయాలి.
* శబ్దం చేస్తున్న డిస్కును మాటిమాటికీ నడిపి చూడరాదు. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం, మూత విప్పడం వంటివి చేయరాదు.

పునరుద్ధరణ క్రమం

నకలు తీయడం

డిస్కులోని ప్రతి సెక్టారును మొదటి నుండి చివరి వరకు ఉన్నది ఉన్నట్లు వేరొక డిస్కుపైకి లేదా ఒక పెద్ద ఫైలుగా తీయడాన్ని ప్రతిబింబం లేదా ఇమేజ్ తీయడం అంటారు. ఇది ఫైళ్ళను నకలు చేయడం వంటిది కాదు. ఫైలు వ్యవస్థ పనిచేయకపోయినా సెక్టార్లను చదవవచ్చు. ఖాళీగా కనిపించే చోటు కూడా నకలులోకి వస్తుంది. కనుక 500 గిగాబైట్ల డిస్కుకు కనీసం అంతే ఖాళీ స్థలమున్న మరొక డిస్కు కావాలి. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో చదివితే ఇందుకు సుమారు గంటన్నర, 30 మెగాబైట్ల వేగంతో సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. చెడిన సెక్టార్లు ఉంటే రోజులు కూడా పట్టవచ్చు.

ఈ పనికి ఆంటోనియో డియాజ్ డియాజ్ వ్రాసిన గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్టువేరు ప్రసిద్ధమైనది. ఇది చెడిన చోట ఆగిపోకుండా ముందుగా తేలికగా చదవగలిగిన భాగాలన్నిటినీ తీసుకొని, కష్టమైన భాగాలకు తరువాత తిరిగి వస్తుంది. ఏ భాగం చదివినదో, ఏది మిగిలినదో మ్యాప్ ఫైలు అనే చిన్న ఫైలులో వ్రాసుకుంటుంది. విద్యుత్తు పోయినా, పనిని మధ్యలో ఆపినా ఆ ఫైలు సాయంతో ఆగిన చోటు నుండి కొనసాగించవచ్చు. క్షీణిస్తున్న డిస్కు ఎప్పుడు పూర్తిగా నిలిచిపోతుందో చెప్పలేము కనుక, బాగున్న భాగాన్ని ముందు తీసుకొనే ఈ పద్ధతి ఎంతో విలువైనది. ఆదేశంలో మూల డిస్కును, గమ్య డిస్కును తారుమారు చేస్తే పాడైన డిస్కుపై ఖాళీ డిస్కు నకలు పడి సమస్తం పోతుంది. కనుక డిస్కుల పరిమాణాన్ని, క్రమసంఖ్యను సరిచూసుకొన్న తరువాతనే ఆదేశం ఇవ్వాలి.

వీలైతే నకలుకు మరొక నకలు తీసి పెట్టుకొనవచ్చు. ఇకపై చేసే ప్రయత్నాలలో ఏది విఫలమైనా మొదటి స్థితికి తిరిగి రావడానికి అది ఉపయోగపడుతుంది.

విభజన పట్టికను తిరిగి కనుగొనడం

విభాగమే కనిపించకపోతే పట్టిక చెడినదని అర్థం. మొదటి విభాగం పాత పద్ధతిలో 63వ సెక్టారు వద్ద, విండోస్ విస్టా నుండి 2048వ సెక్టారు వద్ద మొదలుకావడం పరిపాటి. ప్రతి ఫైలు వ్యవస్థకూ ఆరంభంలో గుర్తుపట్టదగిన చిహ్నాలు ఉంటాయి. క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్టువేరు డిస్కంతా వెదకి ఇటువంటి చిహ్నాల ఆధారంగా పోయిన విభాగాల హద్దులను సూచిస్తుంది. సూచించిన విభాగంలోని ఫైళ్ళ జాబితాను ముందుగా చూపుతుంది. పేర్లు సరిగా కనిపిస్తే హద్దులు సరైనవే. అక్కడి నుండే ఫైళ్ళను వేరొక డిస్కుకు నకలు చేసుకొనవచ్చు. పట్టికను వ్రాయవలసిన అవసరం చాలాసార్లు రాదు.

ఫైలు వ్యవస్థలోని రెండవ ప్రతులు

ఫైలు వ్యవస్థలను రూపొందించినవారు ముఖ్యమైన భాగాలకు విభాగంలోనే రెండవ ప్రతులు ఏర్పాటు చేశారు. విభాగం కనిపించి తెరుచుకోనప్పుడు ఇవి అక్కరకు వస్తాయి.

* ఫ్యాట్32: బూట్ సెక్టారు ప్రతి సాధారణంగా 6వ సెక్టారులో ఉంటుంది. ఫైలు కేటాయింపు పట్టికలు సాధారణంగా రెండు ఉంటాయి.
* ఎన్.టి.ఎఫ్.ఎస్.: బూట్ సెక్టారు ప్రతి విభాగం చివర ఉంటుంది. ఫైళ్ళన్నిటి వివరాలుండే ప్రధాన ఫైలు పట్టికలోని మొదటి నాలుగు నమోదులకు మరొక చోట ప్రతి ఉంటుంది.
* ఎక్స్‌ఫ్యాట్: మొదటి 12 సెక్టార్ల ప్రతి తరువాతి 12 సెక్టార్లలో ఉంటుంది. కేటాయింపు పట్టిక మాత్రం సాధారణంగా ఒక్కటే.
* ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4: సూపర్‌బ్లాకు విభాగం మొదట 1024వ బైటు వద్ద మొదలవుతుంది. బ్లాకు పరిమాణం 4096 బైట్లయితే దాని ప్రతులు సాధారణంగా 32768, 98304, 163840, 229376 బ్లాకులలో ఉంటాయి. తనిఖీ సాధనానికి వీటిలో ఒక సంఖ్యను ఇస్తే ఆ ప్రతి ఆధారంగా పనిచేస్తుంది.

చదవడానికి మాత్రమే తెరవడం

నకలు ఫైలును లినక్స్‌లో డిస్కువలె అనుసంధానించి, చదవడానికి మాత్రమే అనే నిబంధనతో మౌంట్ చేయవచ్చు. అయితే ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4 విభాగాలను ఆ నిబంధనతో తెరిచినా, జర్నల్‌లో మిగిలిన మార్పులను పూర్తిచేయడానికి లినక్స్ వాటిపై వ్రాయవచ్చు. జర్నల్‌ను చదవవద్దనే నిబంధనను కూడా జోడిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

సంతకాల ద్వారా వెదకడం

పట్టికలు, వాటి ప్రతులు కూడా పోయినప్పుడు మిగిలే మార్గం ఇది. చాలా రకాల ఫైళ్ళు ఒక నిర్దిష్టమైన బైట్ల వరుసతో మొదలవుతాయి. జేపెగ్ చిత్రాలు 255, 216, 255 అనే బైట్లతో మొదలవుతాయి. జిప్ ఫైళ్ళు పి, కె అనే ఆంగ్లాక్షరాలతో మొదలవుతాయి. ఇవి ఆ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. కొత్త తరహా వర్డ్ పత్రాలు, ఓపెన్ ఆఫీస్ పత్రాలు కూడా లోపల జిప్ ఫైళ్ళే. టెస్ట్‌డిస్క్‌తో పాటు లభించే ఫోటోరెక్ ఇటువంటి సంతకాలను బట్టి ఫైళ్ళను వెలికితీస్తుంది. పేరును బట్టి చిత్రాలకు మాత్రమే అనిపించినా, ఇది 480కి పైగా ఫైలు రకాలను గుర్తిస్తుంది.

ఈ పద్ధతికి రెండు లోపాలు ఉన్నాయి. ఫైళ్ళ పేర్లు, సంచయాల అమరిక సాధారణంగా దొరకవు. వేల చిత్రాలు అంకెల పేర్లతో ఒక్కచోట వచ్చి పడతాయి. ఒక ఫైలు డిస్కుపై ముక్కలుగా అక్కడక్కడ ఉంటే మొదటి ముక్క మాత్రమే సరిగా దొరకవచ్చు. కనుక దీనిని చివరి ప్రయత్నంగా ఉంచుకోవాలి.

మరమ్మతు సాధనాల పరిమితులు

విండోస్‌లోని చెక్‌డిస్క్, లినక్స్‌లోని ఫైలు వ్యవస్థ తనిఖీ సాధనం విభాగాన్ని తిరిగి పనిచేసే స్థితికి తేవడానికి ఉద్దేశించినవి. వాడుకరి ఫైళ్ళను కాపాడటం వాటి ప్రథమ లక్ష్యం కాదు. పట్టికలోని ఒక నమోదు పొసగకపోతే అవి దానిని తొలగించి పట్టికను సరిచేస్తాయి. తల్లి సంచయం తెలియని ఫైళ్ళను విండోస్ ఫౌండ్ అనే సంచయంలోను, లినక్స్ లాస్ట్ అండ్ ఫౌండ్ అనే సంచయంలోను పడవేస్తాయి. చిన్న లోపాలకు ఇవి చక్కగా పనిచేస్తాయి. పెద్ద లోపమున్న డిస్కుపై, ముఖ్యంగా చెడిన సెక్టార్లున్న డిస్కుపై, నకలు తీయకుండా వీటిని నడపడం ప్రమాదకరం. నకలుపై నడిపితే మాత్రం నష్టం లేదు.

తెలుగు ఫైళ్ళ విషయంలో గమనించవలసినవి

తెలుగు పత్రాల పునరుద్ధరణలో కొన్ని ప్రత్యేక అంశాలు ఉన్నాయి.

యూనికోడ్‌లో తెలుగు లిపి సంకేతాలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు ఆక్రమిస్తాయి. మొదటి బైటు 224, రెండవది 176 లేదా 177 అవుతుంది. తెలుగు అనే మాటలో ఎత్వం, కొమ్ములతో కలిపి ఆరు సంకేతాలు ఉన్నవి కనుక అది 18 బైట్లు పడుతుంది. విండోస్ అంతర్గతంగా ఎక్కువగా వాడే యూటీఎఫ్-16 పద్ధతిలో ఇదే మాటకు 12 బైట్లు చాలు. ప్రతి జతలో రెండవ బైటు 12 అవుతుంది. సాదా పాఠ్య ఫైళ్ళకు ఆరంభ సంతకం ఉండదు కనుక సంతకాల పద్ధతిలో అవి తప్పిపోవచ్చు. అప్పుడు తెలిసిన ఒక పేరును లేదా మాటను ఈ బైట్ల రూపంలో నకలు అంతటా వెదకితే పత్రం ఉన్న చోటు బయటపడుతుంది. కొత్త తరహా వర్డ్ పత్రాలలో పాఠ్యం కుదించబడి ఉంటుంది కనుక వాటికి ఈ వెదుకులాట పనిచేయదు.

అను ఖతులతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పత్రాలు యూనికోడ్‌లో ఉండవు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు ఆంగ్ల సంకేతాల స్థానంలో నిక్షిప్తమై ఉంటాయి. అటువంటి ఫైలు తిరిగి దొరికినప్పుడు ఆ ఖతి లేని కంప్యూటరులో అర్థంలేని ఆంగ్లాక్షరాలు, చిహ్నాలు కనిపిస్తాయి. ఫైలు చెడిపోయినదని భావించి పారవేయరాదు. అదే ఖతిని ప్రతిష్ఠించిన కంప్యూటరులో తెరిచి చూసిన తరువాతనే నిర్ణయించాలి.

ఫైళ్ళ పేర్ల పొడవు కూడా సమస్య కావచ్చు. ఎన్.టి.ఎఫ్.ఎస్.లో ఫైలు పేరుకు 255 సంకేతాలు వాడవచ్చు. ఈఎక్స్‌టీ4లో పరిమితి 255 బైట్లు, అనగా తెలుగులో 85 సంకేతాలు మాత్రమే. విండోస్ విభాగం నుండి దొరికిన పొడవైన తెలుగు పేర్లున్న ఫైళ్ళను లినక్స్ విభాగంలోకి నకలు చేసేటప్పుడు పేరు మరీ పొడవుగా ఉన్నదనే దోషం వచ్చి ఆ ఫైళ్ళు మిగిలిపోతాయి. కనుక నకలు ముగిసిన తరువాత ఫైళ్ళ సంఖ్యను సరిపోల్చుకోవాలి.

ప్రసిద్ధ సందర్భాలు

సీ.ఐ.హెచ్. వైరస్: తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హావ్ 1998లో వ్రాసిన ఈ వైరస్‌ను చెర్నోబిల్ వైరస్ అని కూడా అంటారు. ఇది 1999 ఏప్రిల్ 26న విండోస్ 95, 98 ఉన్న అనేక కంప్యూటర్లను దెబ్బతీసింది. డిస్కులోని మొదటి ఒక మెగాబైటు స్థలాన్ని సున్నాలతో నింపడం వలన విభజన పట్టిక, బూట్ సెక్టారు పోయి డిస్కు ఖాళీ అయినట్లు కనిపించేది. 4 కిలోబైట్ల క్లస్టర్లున్న ఒక గిగాబైటు ఫ్యాట్32 విభాగంలో కేటాయింపు పట్టిక ఒక్కటే దాదాపు ఒక మెగాబైటు ఉంటుంది. అందువలన అంతకంటే పెద్ద విభాగాలలో పట్టిక రెండవ ప్రతి వైరస్ చేరిన హద్దుకు అవతల భద్రంగా మిగిలింది. ఆ ప్రతి ఆధారంగా విభాగాలను తిరిగి నిర్మించగలిగారు. వెంటనే ఫార్మాట్ చేసినవారికి ఆ అవకాశం తగ్గిపోయింది.

కొలంబియా వ్యోమనౌక డిస్కు: 2003 ఫిబ్రవరి 1న కూలిపోయిన కొలంబియా నౌక శిథిలాలలో దొరికిన ఒక హార్డు డిస్కు నుండి ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు సుమారు 99 శాతం సమాచారాన్ని వెలికితీశారు. జెనాన్ వాయువుపై జరిపిన ఆ ప్రయోగం ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. ఆ కంప్యూటరు డాస్‌పై నడవడం వలన సమాచారం డిస్కుపై చెల్లాచెదురు కాకుండా వరుసగా ఉండటం ఇందుకు తోడ్పడింది.

పార్లమెంటు దాడి కేసు: 2001 డిసెంబరు 13న భారత పార్లమెంటుపై జరిగిన దాడి కేసులో స్వాధీనం చేసుకున్న లాప్‌టాప్‌ను హైదరాబాదులోని పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన కంప్యూటర్ ఫోరెన్సిక్ విభాగంలో కూడా పరీక్షించారు. నకిలీ గుర్తింపు కార్డులు, హోం మంత్రిత్వశాఖ స్టిక్కరు చిత్రాలు దాని హార్డు డిస్కులో దొరికాయి. స్వాధీనం తరువాతి తేదీలతో కొన్ని ఫైళ్ళు ఉండటంపై న్యాయస్థానంలో వాదోపవాదాలు జరిగాయి. 2005 ఆగస్టు 4న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు లాప్‌టాప్ సాక్ష్యాన్ని అంగీకరించింది. కంప్యూటరును ప్రారంభించినంత మాత్రాన నిర్వాహక వ్యవస్థ డిస్కుపై కొన్ని ఫైళ్ళను వ్రాస్తుంది. అందుకే నేర పరిశోధనలో వ్రాతను అడ్డుకొనే పరికరం ద్వారా డిస్కును తగిలించి, నకలు తీసి, ఆ నకలునే పరీక్షిస్తారు.

పునరుద్ధరణ సాధ్యం కాని సందర్భాలు

* పాత సమాచారం ఉన్న గదులపై కొత్త సమాచారం వ్రాసినప్పుడు. విండోస్ విస్టా నుండి పూర్తి ఫార్మాట్ చేస్తే విభాగమంతా సున్నాలతో నిండుతుంది.
* ఘనస్థితి డిస్కులు, అనగా ఎస్.ఎస్.డి.లలో ట్రిమ్ ఆదేశం అమలైనప్పుడు. విండోస్ 7 (2009) నుండి ఫైలును తొలగించగానే ఆ గదులు అవసరం లేదని నిర్వాహక వ్యవస్థ డిస్కుకు తెలియజేస్తుంది; డిస్కు వాటిని తానే ఖాళీ చేసుకుంటుంది. కేవలం పట్టిక చెడిన ఎస్.ఎస్.డి.కి మాత్రం పైన తెలిపిన పద్ధతులు వర్తిస్తాయి.
* గుప్తీకరించిన విభాగానికి తాళంచెవి లేనప్పుడు. బిట్‌లాకర్ వాడిన విభాగానికి సంకేతపదం లేదా పునరుద్ధరణ సంఖ్య, లినక్స్‌లోని లక్స్ విభాగానికి శీర్షభాగం తప్పనిసరి. లక్స్ శీర్షభాగం చెడి, దాని ప్రతి లేకపోతే సంకేతపదం తెలిసినా ప్రయోజనం లేదు.
* డిస్కు పళ్ళెంపై ఉన్న అయస్కాంత పూత గీసుకుపోయినప్పుడు.

నిపుణుల సహాయం

శీర్షాలు లేదా మోటారు చెడిన డిస్కును ధూళిరహిత గదిలో మాత్రమే విప్పాలి. నడుస్తున్న డిస్కులో శీర్షం పళ్ళెం నుండి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే ఉంటుంది కనుక చిన్న ధూళి కణం కూడా పళ్ళెాన్ని గీసివేయగలదు. ఇటువంటి సదుపాయమున్న ప్రయోగశాలలు పెద్ద నగరాలలోనే ఎక్కువ. ముండ్లమూరు వంటి మండల కేంద్రంలోని ఫోటో స్టూడియోకో, డీటీపీ కేంద్రానికో, పాఠశాలకో ఇటువంటి ఇబ్బంది వస్తే డిస్కును దూరానికి పంపక తప్పదు. పంపే ముందు స్థానికంగా అనేకుల చేత ప్రయత్నాలు చేయించడం వలన దొరకవలసినది కూడా దొరకకుండా పోవచ్చు. డిస్కును మెత్తని గుడ్డలో చుట్టి, కుదుపులు తగలకుండా గట్టి పెట్టెలో ఉంచి పంపాలి. ఏమి జరిగినదో, ఆ తరువాత ఏమేమి ప్రయత్నించారో తేదీలతో వ్రాసి జతచేయాలి. ఖర్చు ఎంతో, ఫైళ్ళు దొరకకపోతే ఎంత చెల్లించాలో ముందుగా వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

లోపం తార్కికమైనది మాత్రమే అయితే దూరం వెళ్ళనక్కరలేదు. పైన పేర్కొన్న సాఫ్టువేర్లన్నీ ఉచితంగా లభిస్తాయి. సరిపడా ఖాళీ ఉన్న మరొక డిస్కు, ఓపిక ఉంటే సాధారణ కంప్యూటరుతోనే ఈ పని పూర్తిచేయవచ్చు.

నివారణ

నష్టాన్ని నివారించడానికి ముఖ్యమైన ఫైళ్ళకు ముందుగానే ప్రతులు ఉంచుకోవాలి. మొత్తం మూడు ప్రతులు, రెండు వేర్వేరు మాధ్యమాలపై, అందులో ఒకటి వేరొక చోట ఉండాలనేది అంతర్జాతీయంగా ప్రచారంలో ఉన్న నియమం. ఒకే డిస్కులో సి, డి అనే రెండు విభాగాలలో ఉంచిన ప్రతులు ఈ లెక్కలోకి రావు. డిస్కు పోతే రెండూ పోతాయి. ప్రతి తీసిన తరువాత అప్పుడప్పుడు తెరిచి చూస్తూ ఉండాలి.

పెద్ద సంస్థలకు కూడా ఇదే వర్తిస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా జాలస్థలి అందుబాటులో లేకుండా పోయిన తరువాత కూడా అందులోని తెలుగు పుస్తకాలు వేలాదిగా పాఠకులకు దొరుకుతున్నాయి. వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో చేరి ఉండటమే ఇందుకు కారణం.

విద్యుత్తు తరచుగా పోయే చోట యూపీఎస్ వాడటం, యూఎస్‌బీ డిస్కును సురక్షిత తొలగింపు తరువాతనే తీయడం, విభాగాల పరిమాణం మార్చే ముందు ఫైళ్ళ ప్రతి తీసుకోవడం, స్మార్ట్ వివరాలను అప్పుడప్పుడు పరిశీలించడం ఇతర జాగ్రత్తలు. విభజన పట్టిక వివరాలను, అనగా ప్రతి విభాగం ఏ సెక్టారు నుండి ఏ సెక్టారు వరకు ఉన్నదో, ఒక కాగితంపై వ్రాసి ఉంచుకుంటే అవసరమైనప్పుడు వెదుకులాట చాలావరకు తప్పుతుంది.

ఇవి కూడా చూడండి

* హార్డు డిస్కు
* ఫైలు వ్యవస్థ
* కంప్యూటర్ వైరస్
* యూనికోడ్
* లినక్స్